పసుపు సీసా

"సీసాలో ఏం కలిపావ్?"

"బలం మందండీ."

"ఇంకా?"

"ఇంకేం లేదండీ. బలం మందు కలిపితేనే నీళ్లు పసుపుపచ్చగా అవుతాయి. తెల్ల సీసా ఎక్కిస్తే ఇక్కడెవరూ ఒప్పుకోరు. ఒట్టి నీళ్లు ఎక్కించి పంపేశాడంటారు."

రోజూ రోగుల్ని కూర్చోబెట్టే బల్ల మీద ఇవాళ కంపౌండరే కూర్చున్నాడు, చేతులకు బేడీలతో. ఎదురుగా ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ వీపు చూపిస్తూ కిటికీ దగ్గర నిలుచున్న ఆడమనిషి మాత్రం ఇంతవరకు నోరు విప్పలేదు. అదే ఇన్‌స్పెక్టరుకి చిరాకుగా ఉంది.

ఆమెని అందరూ భూతద్దం అంటారు. నిజానికి ఆమె చేత్తో ఏనాడూ భూతద్దం పట్టుకోలేదు, ఆ చూపుకి పెట్టిన పేరది. ఆసుపత్రుల మీద వచ్చే ఫిర్యాదుల్ని పదిహేనేళ్లు విచారించి, పైవాళ్లతో పడక ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు సొంతంగా కేసులు పడుతోంది. ఈ కేసులోకి ఆమెని దింపింది, కూలీలకి ఛాతీ ఫోటోలు తీస్తూ తిరిగే ఎక్స్‌రే వ్యాను డాక్టరమ్మ. "నేను ఫోటో తీసిన మనిషి చచ్చిపోయాడు. నాకెందుకో భయంగా ఉంది" అని ఫోన్లో ఏడ్చింది.

జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కొండ పక్క రాళ్ల క్రషర్లో ట్రాక్టరు తోలే డ్రైవరు నిన్న సాయంత్రం జ్వరంతో ఈ గదికి వచ్చాడు. కంపౌండరు మంచం మీద పడుకోబెట్టి సీసా ఎక్కించాడు. ఇంతలో ఎవరో ఫోన్ చేసి, క్రషర్లో ఒకడి కాలు నలిగింది, పరుగెత్తుకు రమ్మన్నారు. వెళ్లి చూస్తే ఎవరి కాలూ నలగలేదు. తిరిగొచ్చేసరికి డ్రైవరు నురగలు కక్కుకుని పోయాడు.

కంపౌండరుకి పెద్ద చదువు లేదు. ఎప్పుడో ఒక డాక్టరు దగ్గర కట్లు కట్టడం, సూది వేయడం నేర్చుకుని వచ్చి, ఈ ఒంటి గదిలో స్థిరపడ్డాడు. అసలు ఆసుపత్రి రెండు బస్సులు మారి వెళ్లాల్సినంత దూరం. వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, వెళ్లాక డాక్టరు ఉంటాడన్న నమ్మకం లేదు. అందుకని కొండ చుట్టుపక్కల ఎవరికి ఏం వచ్చినా ఈ గదే దిక్కు. సాయంత్రంలోగా ఇతన్ని జడ్జి ముందు నిలబెట్టి జైలుకి పంపాలని ఇన్‌స్పెక్టరు తొందర. పంపితే ఈ తలుపుకి తాళం పడుతుంది. రేపు నిజంగానే ఎవడి కాలో నలిగితే కట్టు కట్టే దిక్కుండదు.

"ఇన్‌స్పెక్టరు గారూ" అంది భూతద్దం, తల తిప్పకుండానే. "ఈ గది నిన్న రాత్రి నుంచి మూసే ఉందా?"

"సీలు వేసి ఉంచాం. సీసా కూడా వేలాడదీసినట్టే ఉంది. సాక్షి సంతకాలకి పంచుల్ని పిలిపించాం, వాళ్ల ముందు ఇప్పుడే దించుదామని."

"దించకండి. ముందు ఇలా రండి."

కిటికీ ఊచకి కట్టిన తాడుకి సీసా వేలాడుతోంది. మంచానికీ కిటికీకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు కూడా లేదు. సీసాలో అడుగున కొంచెం పసుపు నీళ్లు మిగిలాయి. ఆమె వేలు సీసాని చూపించలేదు, కిందున్న కిటికీ గట్టుని చూపించింది. బయటి గోడ మీంచి ఒక చీమల బారు గట్టు మీదికి ఎక్కి వస్తోంది. గట్టు మధ్య జిగురుగా ఒక మరక. దాని చుట్టూ చీమలు నల్లగా కుప్పపడి ఉన్నాయి.

"గ్లూకోజు కదండీ, తీపికి పట్టాయి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పట్టినవి తిరిగి వెళ్లాలి కదా. చూడండి, ఒక్కటన్నా కదులుతోందా?"

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి కుప్పని కదిపాడు. అన్నీ చచ్చి ఉన్నాయి. వెనక వస్తున్నవి కూడా అక్కడికి చేరి, కాస్త తడబడి, అలాగే ఆగిపోతున్నాయి.

"సరే, విషం కలిసింది. కలిపింది వీడు. ఇందులో మీరు కొత్తగా కనిపెట్టిందేముంది మేడం?"

"మందు ఎక్కడినుంచి కలుపుతావ్?" అని కంపౌండర్ని అడిగిందామె.

"మూతికి రబ్బరుంటుంది కదమ్మా, అందులోంచి. సీసాని బల్ల మీద పెట్టుకుని కలిపేసి, తర్వాత వేలాడదీస్తాను."

"సీసా పక్కన పొడుస్తావా?"

కంపౌండరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "పక్కన పొడిస్తే కారిపోదా అమ్మా? ప్లాస్టిక్కు కదా!"

"కారింది." భూతద్దం చేతిరుమాలుతో తాడుని మెల్లగా తిప్పింది. సీసాకి కిటికీ వైపున్న పక్క, నీళ్లుండే మట్టానికి బాగా కింద, సూది దిగిన చిన్న చిల్లు. దాని కింద ఎండిపోయిన పసుపు చార. "బయట నిలబడి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి పొడిచారు. చెయ్యి అందినంత మేరే పొడిచారు. లోపల మనిషి కళ్లు మూసుకుని పడుకున్నాడు. నీళ్లు ఎలాగూ పసుపే, రంగు మారినా ఎవడికి తెలుస్తుంది? ఈ అలవాటు బాగా తెలిసినవాడి పని."

"వీడికంటే బాగా తెలిసినవాడెవడండీ?"

"ఇతనికి మూతి చేతిలోనే ఉంది. పక్కన పొడవాల్సిన ఖర్మేంటి?"

"బయటివాడు చేసినట్టు నమ్మించడానికి."

"నమ్మించేవాడైతే నిన్నటి నుంచి చిల్లు చూడండి, చిల్లు చూడండి అని మీ చెవులు తినేసేవాడు. ఇతను దాన్ని ఇప్పుడే, మనతోపాటే చూశాడు. ముఖం చూడండి."

కంపౌండరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ చిల్లు వైపే చూస్తూ, "నేను పక్కనే ఉండుంటే బతికేవాడమ్మా" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ముఖం మాడ్చుకున్నాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే మొదలుపెట్టిన కేసుని పొద్దుగూకేలోగా కట్ట కట్టి పైకి పంపితేగానీ అన్నం సహించని రకం. "ట్రాక్టరు తోలుకునేవాడు మేడం! వాడికి ఆస్తా పాస్తా? వాణ్ని ఇంత తెలివిగా చంపాల్సిన అవసరం ఎవరికుంది?"

భూతద్దం సంచీలోంచి ఎక్స్‌రే ఫిలిం తీసి కిటికీ వెలుతురుకి పట్టింది. "ఈ ఛాతీ చూస్తే తెలుస్తుంది. ఇవి అతని ఊపిరితిత్తులు. ఈ తెల్ల మచ్చలన్నీ రాతిదుమ్ము. డాక్టరమ్మ క్రషరుకి నోటీసు పంపింది, ఈ మనిషిని దుమ్ములోంచి తప్పించి వైద్యం మీరే చేయించాలని. వాళ్లు చేతులు దులుపుకుంటే లేబరు ఆఫీసుకి రాసింది. సోమవారం విచారణ. రోగి స్వయంగా వచ్చి నిలబడాలి. ఒకడికి వైద్యం చేయిస్తే రేపు అందరికీ చేయించాలి. మనిషే లేకపోతే విచారణే లేదు."

ఇన్‌స్పెక్టరు మొదటిసారి గడ్డం గోక్కున్నాడు. "అంటే క్రషరు మేనేజరా?"

"నేను పేరు చెప్పలేదు."

అప్పుడు కంపౌండరు నసిగాడు. "అమ్మా, ఒక మాట. నిన్న నేను గొట్టం పెట్టి విన్నాను. డ్రైవరు ఛాతీలో ఏ చప్పుడూ లేదు. దగ్గు మాత్రం తెగ దగ్గాడు. నాటకమాడుతున్నావా అని నవ్వాను కూడా."

భూతద్దం ఏదో అడగబోయింది. అంతలో ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. శవపరీక్ష చేసిన డాక్టరు. రెండు ముక్కలు వినగానే ఇన్‌స్పెక్టరు పెదవులు విచ్చుకున్నాయి. ఆమెకి కూడా వినపడాలని ఫోను కాస్త దూరంగా పట్టుకున్నాడు.

"మళ్లీ చెప్పండి డాక్టరు గారూ, ఊపిరితిత్తులు?"

"శుభ్రంగా ఉన్నాయండీ. దుమ్ము జబ్బు లక్షణమే లేదు. విషం సంగతి రసాయన పరీక్షలో తేలుతుంది."

ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసి హాయిగా నవ్వాడు. "పప్పులో కాలేశారు మేడం! జబ్బే లేదట. జబ్బు లేనప్పుడు విచారణేంటి, చంపడమేంటి? పాపం, ఆ మేనేజరు నిన్నటి నుంచి పదిసార్లు ఫోన్ చేశాడు, మా క్రషరుకేమైనా చుట్టుకుంటుందా అని." అక్కడే నంబరు నొక్కాడు. "ఆఁ, మేనేజరు గారూ! మీరిక నిశ్చింతగా ఉండండి. మీ డ్రైవరు ఛాతీ అద్దంలా ఉందట. ఆ ఎక్స్‌రే అదీ అంతా తప్పుల తడకే."

భూతద్దం వారించడానికి చెయ్యెత్తేసరికే అంతా అయిపోయింది. అవతల మేనేజరు చాలా మెల్లగా, "అలాగాండీ... మంచి మాట చెప్పారు" అని పెట్టేశాడు. ఆ మెల్లదనం ఆమెకి నచ్చలేదు.

పంచులు వచ్చారు. రాతకోతలు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరు ఒక్కో వస్తువూ చెప్పి రాయిస్తుంటే మధ్యాహ్నం సాగిపోయింది. భూతద్దం ఫిలిం పట్టుకుని కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండుతోంది. కంపౌండరు చెవి అబద్ధం చెప్పలేదు, శవం అబద్ధం చెప్పలేదు. ఫిలిం కూడా అబద్ధం చెప్పదు కదా! మరి ఈ ఛాతీ ఎవరిది?

పక్కటెముకలు చూసింది, మచ్చలు చూసింది. ఇప్పటిదాకా మచ్చలే చూసింది, ఎవరైనా వాటినే చూస్తారు. ఇప్పుడు మచ్చలు వదిలేసి అంచులు చూసింది. ఎడమ భుజం కింద, ఎముకల మీద ఏటవాలుగా, తెల్లగా ఒక చిన్న వస్తువు మెరుస్తోంది. ఒక చివర చిన్న చుట్ట, ఇంకో చివర టోపీలాంటి మూత.

పిన్నీసు.

పొద్దున మార్చురీ వరండాలో చూసిన దృశ్యం కళ్లముందు నిలబడింది. డ్రైవరు భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, ముఖానికి కళ్లు తప్ప ఏమీ కనపడకుండా చుట్టిన గుడ్డ. క్రషర్లో పనిచేసే ఆడవాళ్లంతా దుమ్ముకి అలాగే ఉంటారు. కన్నీళ్లు ఇంకిపోయాక ఆమె చొక్కా పక్కకి తప్పించి, ఎడమ భుజం కింద రవిక కుట్టు దగ్గరున్న పిన్నీసు తీసి, అరచేతిలో దిగిన రాతిముక్కని గుచ్చి పైకి లాగి, మళ్లీ పిన్నీసుని అక్కడే పెట్టుకుంది.

"ఇన్‌స్పెక్టరు గారూ, జీపు తీయండి."

"ఎక్కడికండీ?"

"మీరు చేసిన ఫోను ఎవరి పీకల మీదికి తెచ్చిందో చూడ్డానికి."

* * *

పోలీసు జీపుని రోడ్డు మలుపులోనే ఆపించింది భూతద్దం. కూలీల లైను క్రషరుకి ఇవతల, ఒకే రేకుల కప్పు కింద వరసగా గదులు. ప్రతి గదికీ ఒకే తలుపు, కిటికీ అన్న మాట లేదు. గోడలు, చెట్టు ఆకులు, ఆరేసిన బట్టలు, అన్నీ ఒకే బూడిద రంగు. చివరి గదిలో డ్రైవరు భార్య నేల మీద కూర్చుని ఉంది. ముఖం మీద గుడ్డ ఇప్పుడు మెడ చుట్టూ ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, ఒళ్లు మాత్రం ఎండుపుల్లలా ఉంది.

భూతద్దం ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. ఈ ఫోటో నీదే కదా?"

ఆమె ఫిలిం వంక చూసింది. పిన్నీసు ఉన్నచోట వేలు పెట్టింది. చెయ్యి తనంతట తానే రవిక మీది పిన్నీసుని తడుముకుంది.

"ఆయన కూలీ కార్డు తీసేస్తారా అమ్మా?"

"తీయరు. చెప్పు."

"నాకు కార్డు లేదమ్మా. ఇక్కడ మొగుడూ పెళ్లాం జోడీ కింద పని. ఇద్దరికీ కలిపి ఒకటే పేరు, మగాడిదే. నేను క్రషరు నోట్లో రాళ్లు పోస్తాను, కానీ లెక్కలో ఉండను. లెక్కలో లేనిదానికి కార్డెవరిస్తారు? వ్యాను వచ్చిన రోజు ఆయనే అన్నాడు, నా కార్డు పట్టుకుని నువ్వెళ్లు, దగ్గేది నువ్వు కదా అని. ఫోటో తీసే అబ్బాయి ముఖం కూడా చూళ్లేదు, కార్డు మీది పేరు రాసుకున్నాడు. రవిక ఊడిపోతుందేమోనని పిన్నీసు తీయలేదమ్మా. ఆ అబ్బాయీ తీయమనలేదు."

"ఆ తర్వాత నోటీసు వచ్చింది."

"ఆయన పేరు మీద వచ్చింది. నిజం చెబితే కార్డు పోతుందని లైనులోవాళ్లు అన్నారు. ఈయనేమో, సోమవారం నేనే రోగినని వెళ్లి నిలబడతాను, వాళ్లిచ్చే మందులు తెచ్చి నీకు పోస్తాను అన్నాడు." ఆమె ఆగింది. దగ్గు తెర వచ్చింది, లోపల ఏదో గీరుకుపోతున్నట్టు పొడిగా, పొడుగ్గా. నోరు తుడుచుకుని అంది, "అందుకే దగ్గడం నేర్చుకున్నాడమ్మా. నేను దగ్గుతుంటే పక్కనే కూర్చుని వినేవాడు. ఇలాగేనా, ఇలాగేనా అని దగ్గి చూపించేవాడు. మొన్న రాత్రి ఇద్దరం ఎంత నవ్వామో."

భూతద్దం ఫిలింని మెల్లగా సంచీలో పెట్టింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అతని ముఖంలో ఉన్న ధీమా ఎటో పోయింది.

"నీ జబ్బు చూసి ఆయన్ని చంపారు" అంది భూతద్దం. "ఇప్పుడు ఆయనకి జబ్బు లేదని వాళ్లకి తెలిసిపోయింది, అసలు రోగి ఎవరా అని వెతుకుతారు. ఇకనుంచి నువ్వు ఒంటరిగా ఎక్కడికీ కదలకూడదు. ఎవరన్నా వచ్చారా ఇక్కడికి?"

"మేనేజరు గారే వచ్చారమ్మా, ఇందాక. ఎప్పుడూ లైను వైపే రానివాడు, నా తల మీద చెయ్యి పెట్టి ఓదార్చాడు. తర్వాత ఆడవాళ్లందర్నీ పిలిచి, ఈమె మొగుడి కార్డు మీద వ్యానుకి ఎవరెవరు వెళ్లారో చెప్పండి, భయం లేదు, వాళ్లందరికీ క్రషరు తరఫున ఉచితంగా వైద్యం చేయిస్తానన్నాడు. పెద్ద డాక్టర్ని పిలిపించాడంట."

"నువ్వు చెప్పావా?"

"చెయ్యెత్తాను. నేనొక్కదాన్నే కాదమ్మా. వ్యాను వచ్చిన వేరే రోజుల్లో ఆ కార్డు మీదే వెళ్లినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు, పక్క గది అక్కా, రాళ్ల తొట్టి తాడు లాగే ఆవిడా. వాళ్లూ ఎత్తారు. ఇన్నాళ్లకి మమ్మల్ని కూడా పట్టించుకున్నారని వాళ్లకి ఎంత సంబరమో! వాళ్లని ముందు తీసుకెళ్లారు. జీపు మళ్లీ వచ్చి నన్ను తీసుకెళ్తుంది."

"తీసుకెళ్లి ఏం చేస్తారట?"

"సీసా ఎక్కిస్తారంట అమ్మా. పసుపుదే."

ఇన్‌స్పెక్టరు గుమ్మం పట్టుకున్నాడు. "నేనే... నేనే ఫోన్ చేసి చెప్పాను" అన్నాడు, ఎవరికో తెలియదు.

"ఏడవడానికి తర్వాత టైముంది. ఆ ఇద్దర్నీ ఎక్కడికి తీసుకెళ్లారో మనకి తెలియదు. ఆ జీపుకే తెలుసు. దాన్ని ఇక్కడ ఆపితే జీపువాడు నోరు విప్పేలోపు ఆ ఇద్దరి పని అయిపోతుంది." భూతద్దం లేచింది. "అమ్మాయ్, చొక్కా ఇటివ్వు. ముఖం గుడ్డ కూడా."

"మేడం! మీకు మతి పోయిందా?"

"ఇక్కడ ఒకరి బదులు ఒకరు వెళ్లడం అలవాటే కదండీ. మీరు వెనకాలే రండి. దయచేసి సైరను మోగించుకుంటూ మాత్రం రాకండి."

బూడిద రంగు చొక్కా తొడుక్కుంది. ముఖానికి గుడ్డ చుట్టుకుంది. డ్రైవరు భార్య తన పిన్నీసు తీసి ఆమె చొక్కాకి పెట్టింది. సరిగ్గా ఎడమ భుజం కిందే పెట్టింది. "దగ్గు రావాలి కదమ్మా" అంది ఏడుస్తూనే. "లోపలి నుంచి లాగండి. ఆయన అలాగే లాగేవాడు."

బయట హారను మోగింది.

"మిగిలిన ఆవిడ ఎవరమ్మా? రండి, రండి, డాక్టరు గారు చూస్తున్నారు!"

ఇన్‌స్పెక్టరు తలుపు చాటుకి తప్పుకున్నాడు. భూతద్దం వంగి, లోపలి నుంచి ఒక దగ్గు లాగి, గుమ్మం దాటింది. జీపువాడు ఆమె కళ్ల వంక కూడా చూడలేదు. వెనక తలుపు తీశాడు.

"మావాళ్లిద్దరూ ఎలా ఉన్నారయ్యా?" అని అడిగింది ఎక్కుతూ.

"వాళ్లకేం, సీసా ఎక్కుతోంది. హాయిగా నిద్రపోతున్నారు" అన్నాడు వాడు. "మీ సీసా అదిగో, పెట్టెలో ఉంది. పడిపోకుండా పట్టుకుని కూర్చోండి."

తలుపు పడింది. జీపు క్రషరు వైపు తిరగలేదు, కొండ వెనక దారి పట్టింది. ఆమె పెట్టె ఒళ్లోకి తీసుకుని మూత ఎత్తింది. లోపల పసుపు సీసా ఒకటే ఉంది. మూతికి రబ్బరు బిరుసుగా, సూది దిగిన గుర్తే లేకుండా కొత్తగా ఉంది. పక్కన, నిన్నటి సీసాకి ఉన్నచోటే, నీళ్ల మట్టానికి బాగా కింద, చిన్న చిల్లులోంచి ఒక పసుపు చుక్క మెల్లగా ఉబ్బి, ఆమె వేలి మీద పడింది.